గొడ్డలి పాఠంలో లేదు

కరీంనగర్ నుంచి బోథ్ బడికి పంతులమ్మగా వెళ్లిన రెండో ఏడు అది. ఏడో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయని పిల్లలతో రోజూ అపరిచిత గద్యం రాయించేదాన్ని. పాఠంలో ఉన్న జవాబు వెతికి రాయడం వాళ్లకు బాగానే వచ్చేది. ఉన్నదాన్ని బట్టి లేనిది గ్రహించి రాయమంటేనే తికమకపడేవారు.

ఒకనాడు నేనే నాలుగు ముక్కలు కూర్చి నల్లబల్ల మీద రాశాను. ఒకామె బావి నుంచి నీళ్లు తెచ్చింది. వాకిట్లో మగవాళ్ల చెప్పులు చూసింది. బిందె దించకుండానే పిల్లను తీసుకుని పక్కింటికి వెళ్లింది. ఎందుకు?

చుట్టాలొచ్చారు, చాయపత్తి అడగడానికి వెళ్లింది అన్నది నేననుకున్న జవాబు. ఇంచుమించు అందరూ అదే రాశారు. వెనక వరసలో కూర్చునే ఒక పిల్ల మాత్రం, "ఆమె మొగడు తాగొచ్చిండు. గొడ్డలి ఇంట్లనే ఉన్నది" అని రాసింది.

ఎర్రసిరాతో సున్నా పెట్టి ఆ పిల్లను నిలబెట్టాను.

"గొడ్డలి ఏడుంది? చూపెట్టు."

"దూలం మీద ఉంటది పంతులమ్మా."

పిల్లలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. "పాఠంల లేనిది రాయొద్దు" అని కూర్చోబెట్టాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగిపోయాను. పెద్దసారుకు చెబితే, "ఇండ్లల్ల సంగతులు మనకెందుకమ్మా" అన్నారు. మధ్యాహ్నం ఒక్కదాన్నే వాళ్లింటికి వెళ్లాను.

తల్లి పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎడమచేతికి కట్టుకున్న చీరపేలిక నెత్తురుతో తడిసి, ఎండి, నల్లబడింది. పిల్ల ఆమె వీపుకు ఆనుకుని ఉంది.

"ఆయన అంగడికి పోయిండు, జరసేపట్ల వస్తడు. మీరు పోన్రి" అంది తల్లి. నేను గడప దాటుతుంటే మెల్లగా అడిగింది. "మా తమ్మునింటికి పోతం. పిల్ల సదువు ఆగొద్దంటె ఏం కాయితం గావాలె?"

బడికొచ్చి టీసీ రాశాను. పెద్దసారు తలెత్తకుండా సంతకం పెట్టారు. సాయంత్రం బస్సుకు వాళ్లిద్దరూ వెళ్లిపోయారు.

వారం తరువాత ఆ పిల్ల తండ్రి బడికొచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు చాలా నెమ్మది.

"పంతులమ్మా, నా బిడ్డె ఏ ఊరి బడికి పోయింది?"

"నాకు తెలవదు."

"టీసీ మీరే రాసిన్రట గద."

"రాసిన. అండ్ల ఊరు రాయలే."

తలూపాడు. వెళ్లబోతూ ఆగి, "మీరు ఈడ ఒక్కరే ఉంటరా?" అన్నాడు.

నేను తరగతి తలుపు వేశాను. గంట కొట్టేదాకా బడి గోడ మీద కూర్చున్నాడు. మర్నాడూ అంతే. బడికి సెలవులిచ్చేదాకా రోజూ ఆడపిల్లల గుంపుతో కలిసి ఇంటికి నడిచాను.

పిల్ల మేనమామ ఊళ్లో పరీక్ష రాసి పాసైందని ఎండాకాలంలో కబురందింది. ఆ వారమే నాకు బదిలీ అయింది. పెట్టె పట్టుకుని బస్సెక్కి కూర్చున్నాను. నేను టికెట్టు ఏ ఊరికి అడుగుతానో వినడానికి అతడు కిటికీ పక్కకు వచ్చి నిలబడ్డాడు.