మోటారుకు మా అవ్వ గొంతు

మంచిర్యాలలో పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేసే స్టూడియోలో ఆరేళ్లు పనిచేసి మానేశాక, నస్పూర్‌లో మా ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని దుకాణాలకు బొమ్మల వీడియోలు చేయడం మొదలుపెట్టాను. నేను గీసిన బొమ్మలే కదులుతూ, మాట్లాడుతూ, దుకాణదారు తన గిరాకులకు చెప్పాలనుకున్నది ఒక్క నిమిషంలో చెప్పేస్తాయి. మిఠాయి దుకాణానికి ఎగిరే లడ్డూలు చేశాను. కళ్లద్దాల దుకాణానికి, గింజ అనుకుని గులకరాయిని పొడిచే కోడిని చేశాను. ఇంటికి వచ్చిన చుట్టాలు తెర వైపు చూసి "గిది గూడ పనేనా?" అనేవారు. బాపు పోయాక నాతోనే ఉంటున్న అవ్వ, అంటే మా అమ్మ, వాళ్లకు చాయ్ ఇవ్వడం కావాలనే ఆలస్యం చేసేది.

ఒక ఎండాకాలం ఇచ్చోడ నుంచి ఫోన్ వచ్చింది. హైవే పక్కన బోరు మోటార్లు అమ్మే పెద్దాయన. చుట్టుపక్కల ఊళ్ల రైతులందరికీ ఆయన చాచా. నాకూ చాచానే అయ్యారు.

"బేటీ, నా నోరు నొస్తుంది," అన్నారు మొదటి మాటగా.

ఏమైందని అడిగాను.

"పొద్దుగాల సంది ఫోన్లే. చాచా, మోటర్ కాలింది. చాచా, మోటర్ కాలింది. బోరుల నీళ్లు తగ్గితే బంద్ చెయ్యిర్రి అని నేను చెప్తనే ఉంట, వాళ్లు కాలవెడుతనే ఉంటరు. నా బదులు మాట్లాడేటిది ఒకటి చేసియ్యి. అందరి ఫోన్లకు పంపుత."

కెమెరా ముందు మీరే చెప్తే బాగుంటుంది కదా అన్నాను. అదీ అయిందన్నారు. ఆ వీడియో పంపించారు. అందులో చాచా నిటారుగా నిలబడి, రుమాలుతో నుదురు తుడుచుకుని, "మోటర్... మోటర్..." అని రెండుసార్లు అని, పక్కకు తిరిగి "ఐపోయిందా?" అని అడుగుతారు. అంతే. ఇక బొమ్మే దిక్కు.

నేను చేసిన మొదటి వీడియో నాకు తెగ నచ్చింది. నీలం రంగు మోటారు, దానికి కళ్లజోడు, మెడలో టై. హైదరాబాద్‌లో తెలిసినతనితో గొంతు ఇప్పించాను. "ప్రియమైన రైతు సోదరులారా, భూగర్భ జలమట్టం క్షీణించినప్పుడు..." అంటూ వార్తలు చదివినట్టు చదివాడు. చాచా చూసి "మస్తుగుంది" అన్నారు. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశారు.

"బేటీ, ఒక ముచ్చట. నువ్వు పరేషాన్ గాకు. గా టై కట్టుకున్నాయనది ఏ బ్యాంకని అందరు అడుగుతుండ్రు."

నాకు రోషం వచ్చింది. ఆ రోజంతా కంప్యూటర్ ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి ఇచ్చోడ చేరి, చాచా దుకాణంలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కెమెరా ముందు రెండు ముక్కలు పలకలేకపోయిన ఆ మనిషి, రైతు ఎదురుగా ఉంటే అసలు ఆగడం లేదు. ఒక రైతు కాలిన మోటారు తెచ్చి నేలమీద పెట్టాడు. చాచా కూల్‌డ్రింక్ సీసా తెప్పించి, అందులో గొట్టం వేసి, చివరిదాకా పీల్చారు. అడుగున గుర్రుగుర్రుమంది.

"విన్నవా? గీ సప్పుడు నీ పైపుల కెళ్లి వచ్చిందంటే మోటర్ గొంతు ఎండుతున్నట్టు. గప్పుడే బంద్ చెయ్యాలె. రెండు గంటలు ఆగు. నీళ్లు ఊరినంక మళ్ల వెయ్యి."

"గింతేనా చాచా! సమజైంది," అన్నాడు రైతు.

మధ్యాహ్నానికి చాచా అలా నాలుగు సీసాలు తాగారు. ఐదోది వద్దని నేనే చెప్పాను. నాకు కావలసింది దొరికింది. బోరు లోపల ఏం జరుగుతుందో ఏ రైతూ కళ్లతో చూడలేడు, చాచా చూపించలేరు. బొమ్మ అయితే భూమిని నిలువునా కోసి చూపిస్తుంది.

టై తీసేశాను. ఈసారి మోటారును ముసలమ్మగా గీశాను. నెత్తిన కొంగు, బోరు అడుగున కాళ్లు బారజాపుకుని కూర్చుని నీళ్లు తాగుతూ ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ ముఖం ఎర్రబడుతుంది. ఇక గొంతు కావాలి. నేనే చెప్పి చూశాను, బస్టాండులో మైకులా వినిపించింది. వంటింట్లోంచి అవ్వ పాలవాడిని కేకలేయడం అప్పుడే వినపడింది. మా చర్చిలో స్త్రీల కూటానికి మైకు లేకుండా వాక్యం చదివే గొంతు అది.

అడిగితే అవ్వ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"నేను మోటర్నని చెప్పాల్నా? అబద్ధం గాదా బిడ్డా?"

బొమ్మే కదా అంటే ఒప్పుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారిని ఆపి అందరి ముందే అడిగేసింది. ఆయన నవ్వకుండా ఆలోచించి, "అమ్మా, గాడిద మాట్లాడిందని మనం బైబిల్ల చదువుకుంటలేమా? మోటర్ మాట్లాడితే ఏమైతది?" అన్నారు.

గోడలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతూ రికార్డు చేశాం. నేను రాసిన కాగితం అవ్వ ఒకసారి చదివి పక్కన పెట్టేసింది.

"ఓ కొడుకా! పైపుల గాలి కొడుతుంది, ఇనవడుతలేదా? నా గొంతు ఎండుతుంది. జర ఆపురా! నన్ను రెండు గంటలు పండనియ్యి, లేసి నీ చేనంత తడుపుత."

చాచా ఆ వీడియో పంపిన రోజు సాయంత్రానికి హోటళ్లలో చాయ్ తాగేవాళ్లంతా అదే పెట్టుకుని చూస్తున్నారట. ఫోన్లు తగ్గుతాయనుకున్నాం, తగ్గలేదు. కానీ మాట మారింది. "చాచా, అవ్వ గొంతు ఎండుతుంది, ఎంతసేపు ఆపాలె?" అని కాలకముందే అడుగుతున్నారు. ఒకాయన మాత్రం చాచాతో మాట్లాడనని, "ఫోన్ గా అవ్వకే ఇయ్యి" అని పట్టుబట్టాడట.

తిట్లూ పడ్డాయి. ఒక రైతు మోటారును ఆటోలో, అంటే కరెంటు రాగానే దానంతటదే నడిచేలా, పెట్టి బంధువుల పెళ్లికి పోయాడు. తిరిగి వచ్చేసరికి కాలిపోయింది. "ఊరికి పోయేటప్పుడు ఆటో తియ్యుమని మీ అవ్వ చెప్పలే," అని దుకాణానికి వచ్చి గొడవపడ్డాడు. నిజమే, ఆ మాట మేం మరిచాం. దుప్పట్లు మళ్లీ కట్టి, అవ్వతో ఆ ఒక్క ముక్కా చెప్పించి కలిపాను.

వానలు పడ్డాక చాచా మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచారు. అవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చింది. దుకాణంలో నోరు తెరవగానే అక్కడున్నవాళ్లు గుర్తుపట్టేశారు. బెండ విత్తనాల సంచీ చంకలో పెట్టుకున్న ఒకామె తోసుకుంటూ ముందుకొచ్చి అవ్వ చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా? మా ఇంటాయన నేను పదిసార్లు చెప్తే ఇనలే. నువ్వు ఒక్కసారి చెప్తే ఉరికి పోయి బంద్ చేసిండు."

అవ్వ సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె ఆ స్త్రీని పక్కన బల్ల మీద కూర్చోబెట్టుకుంది.

"ఇంకేం ఇనడో చెప్పు. గది గూడ చెప్త."

సంచీ ఆమె వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. బీడీలు, బీపీ గోలీలు, చేను గట్టు మీద తమ్ముడితో పంచాయితీ. అవ్వ నా వైపు తిరిగి, రాసుకొమ్మని సైగ చేసింది. చాచా నవ్వుతూ నాకు పెన్ను అందించారు.