ఎర్రబడ్డ పెళ్లి ధోవతి

సూర్యాపేట అద్దకం షెడ్డులో రంగుల మందులు కలిపే మా తాత గౌరయ్య 1949లో పెళ్లికొడుకై మిర్యాలగూడ వెళ్లాడు. మహా శుభ్రం మనిషి కదా, ధోవతిని షెడ్డులో వాడే చాకలి సోడాలోనే ఉతుక్కున్నాడు. సరిగ్గా జాడించడం మాత్రం చేతకాలేదు.

ముత్తైదువలు తడి పసుపు పూయగానే ధోవతి నెత్తురులా ఎర్రబడింది. మేళం ఆగిపోయింది.

"అపశకునం! మా పిల్లనియ్యం, లేవుండ్రి!" అని అత్తగారు అరిచింది.

తాత పూజ పళ్లెంలోని నిమ్మచెక్క అందుకున్నాడు. "పసుపుకు సోడా తగిలి ఎర్రబడ్డదత్తమ్మా, జర ఆగుండ్రి" అంటూ దాన్ని మరక మీద పిండాడు. ఎరుపు మళ్లీ పసుపైంది. జనం ఇంకా హడలిపోయారు.

"వామ్మో, మంత్రగాడు!" అంది అత్తగారు.

పెళ్లికూతురు కాటమ్మ ఆ నిమ్మచెక్క లాక్కుని ఇంకో మరక మీద తనే పిండింది. అదీ పసుపైంది.

"సూడమ్మా, నేను పిండినా అయితున్నది. నేను గూడ మంత్రగత్తెనేనా? ఇగ మేళం కొట్టమను."