పొద్దున పాత తీర్పు, మధ్యాహ్నం కొత్త తీర్పు

మా ముత్తాత ఏడూళ్ళకు మిట్టాదారు. మా తాత తిరువళ్ళూరు కోర్టులో అడుగుపెడితే గుమాస్తాలు లేచి నిలబడేవారట (వ్యాజ్యాలన్నీ ఓడిపోయేవాడు, అయినా లేచేవారు). నా దాకా వచ్చేసరికి మిగిలింది తిరుత్తణి పక్కన ఒక మామిడితోపు, నిటారుగా నిలబడే అలవాటు. ఆ రోజుల్లో, అంటే నల్లకోటు కుట్టించుకున్న కొత్తలో, ఈ రెండూ చాలుననుకునేవాణ్ణి.

తోపు నడుమ ఒక బండిబాట ఉండేది. మా మేనత్త కొడుకు, నాకు బావ, తన పొలానికి ట్రాక్టరు దాని మీదే తోలేవాడు. చుట్టు తిరిగి వెళ్ళే దారి వేరే ఉంది. "మా నాయన నాటిన చెట్ల మజ్జన టైర్లు తిరిగేదా?" అని నాన్న గేటు పెట్టించి తాళం వేశాడు. గేటు తీయించమని బావ తిరుత్తణి మున్సిఫ్ కోర్టుకెక్కాడు. మాకు మిగిలింది ఆ తోపొక్కటే. అందులో ఎవరు నడవాలో చెప్పే మాట కూడా పోతే ఊళ్ళో తలెత్తుకునేదెలా అని నాన్న దిగులు. కేసు నా చేతికిచ్చాడు.

చిక్కేమిటంటే, ఇలాంటి బాటల మీద హైకోర్టు తీర్పులు రెండున్నాయి. వేరే దారి ఉన్నా సరే, ఏళ్ళ తరబడి నడిచినవాడికి హక్కుందని పాతది; లేదని కొత్తది. రెండూ ఇద్దరేసి జడ్జీలు చెప్పినవే. కింది కోర్టు రెండింటినీ పాటించాలి, రెండూ ఒకేసారి పాటించడం కుదరదు.

మా విచారణ నాటి పొద్దున తిరువళ్ళూరు నుంచి నా సీనియరు వకీలు ఫోన్ చేసి, "అక్కడ మీ కోర్టులోనే ఇంకో బాట కేసుండాది అబ్బయా, నువ్వే నిలబడు. మన కక్షిదారు బాటలో నడిచేవాడు" అన్నారు. నిలబడ్డాను (నిలబడడం వంశవిద్య కదా). పాత తీర్పు పట్టుకుని దంచేశాను. కొత్త తీర్పు పాతదాని ఊసే ఎత్తలేదనీ, అంతే మంది జడ్జీల బెంచి అంతకుముందు చెప్పినదాన్ని ఇంకో బెంచి తోసెయ్యజాలదనీ, పెద్ద బెంచి తేల్చేదాకా పాతదే చెల్లుతుందనీ. జడ్జి అమ్మగారు పేజీ నిండా రాసుకున్నారు. వెనక బెంచీలో బావ చెవులు రిక్కించి వింటున్నాడని నేను గమనించలేదు.

భోజనాలయ్యాక మా కేసు. కొత్త తీర్పు తెరిచి, "తర్వాత వచ్చినదే చెల్లుతుంది" అన్నాను. అమ్మగారు పెన్ను మూసి, కళ్ళద్దాల మీదుగా చూసి, "కాలైల సొన్నదు నీంగదానే?" అన్నారు (పొద్దున చెప్పింది మీరే కదా అని). హాలంతా నవ్వింది.

"అది వేరే కక్షిదారు తరఫున" అన్నాను, ఇంకా నిటారుగానే.

"కక్షిదారు మారితే హైకోర్టు మారదు" అన్నారామె. బావ వకీలు లేచి, "మిత్రుడి పొద్దుటి వాదనే నా వాదన" అని కూర్చున్నాడు.

సాయంత్రానికి గేటు తీయమని ఉత్తర్వు వచ్చింది. బయట బావ బండి స్టార్టు చేసి, "ఎక్కు బావా. మా వకీలు కన్నా నువ్వే బాగా సెప్పినావు, యాడ నేర్సినావు?" అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది కనుక ఎక్కాను.

గేటు దగ్గర నాన్న. సంగతంతా బావే పూసగుచ్చినట్టు చెప్పాడు. నేను నేల చూశాను.  నాన్న భుజాలు ఊగేలా నవ్వాడు. "మా నాయన అన్ని కేసులు ఓడినాడు గానీ, సొంత నోటితో ఒక్కటీ ఓడలేదురా!" అని, తాళంచెవి బావ చేతిలో పెట్టాడు. "తోలుకో అల్లుడా. చెట్లు చూసి తోలు."

ఇప్పుడు నా జూనియర్లు ఏ తీర్పు తెరవబోయినా, పొద్దున ఏం చెప్పావో ముందు గుర్తు చేసుకో అంటాను. ఎందుకని వాళ్ళు అడగరు. అడిగితే బాగుండునని ఉంటుంది. ఆనాడు కోర్టులో నిలబడ్డ నా కుర్రవెన్ను తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. నా వెన్నిప్పుడు నడుంబెల్టు లేకుండా నిలబడదు.

పోయిన ఏడు తోపు అమ్మేశాం, బాట తప్ప.