తాత కుట్టిన దొంగజేబు

మా తాత దర్జీ. కళ్లు మూసుకుని కూడా చొక్కా కుట్టగలనని కోతలు కోసేవాడు. ఆ కోతలే ఒకరోజు ఆయన మెడకు చుట్టుకున్నాయి.

దాపరికం లేనివాడికి జేబెందుకని ప్రభుత్వం చట్టం తెచ్చింది. అధికారులు నడివీధిలో బల్ల వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ల జేబులన్నీ విప్పించారు. విప్పే పని తాతకే అప్పజెప్పారు. తను కుట్టినవి తనే విప్పుతుంటే తాత మొహం చూడాలి, సొంత పిల్లలకు గుండు గీస్తున్నట్టుంది. ఇకమీదట ఏ బట్టలో జేబు దొరికినా కుట్టినవాడి మిషను జప్తు, కుట్టినవాడు జైలుకు.

అప్పట్నుంచి జనం ఒక చేత్తో తాళంచెవి, ఇంకో చేత్తో చేతిరుమాలు పట్టుకుని తిరిగారు. కళ్లజోడు నోట కరుచుకున్నారు. మంత్రిగారు సభ పెట్టి, "మీ చేతులకిప్పుడు స్వేచ్ఛ వచ్చింది!" అన్నారు. చప్పట్లు కొడదామంటే ఒక్కరికీ చెయ్యి ఖాళీ లేదు. ఎందుకు కొట్టలేదని మూడో వీధి దాకా విచారణ జరిగింది.

తాతకు మాత్రం పని తగ్గలేదు. తనిఖీ ఇన్‌స్పెక్టరుకు కొత్త కోటు కుట్టిచ్చాడు. మర్నాడు కాజాలు కుడుతున్నవాడల్లా సూది గాల్లోనే ఆపేశాడు.

"ఏమైంది?" అంది అమ్మమ్మ.

"కోటు లోపల జేబు పెట్టేశానే."

"ఎవరి కోటుకి?"

"జేబులు పట్టుకునేవాడి కోటుకే."

అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. "కళ్లు మూసుకుని కుడతానంటివి. కుట్టావుగా, ఇక తెరువు!"

"ముప్ఫయ్యేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే పోయింది."

"ఆ చేతికే బేడీలేస్తార్లే. నువ్వు పోతే పోయావు, మిషను పోతే ఇంటిల్లిపాదీ గాలి భోంచెయ్యాలి. వెళ్లు, వాళ్లు చూసేలోపు విప్పేసిరా."

తాత సూదీదారం చొక్కా అంచుకు గుచ్చుకుని, కత్తెర చేత పట్టుకుని పరిగెత్తాడు. ఆఫీసు గుమ్మంలో కాపలావాడు అడ్డం పడ్డాడు.

"కత్తెర పట్టుకొచ్చావు, ఎవర్ని పొడుద్దామని?"

"దాచుకోడానికి జేబు లేదు బాబూ. మీరే తీయించారు."

కాపలావాడు ఆలోచనలో పడ్డాడు. అతనికది అలవాటు లేదు. ఆ సందులో తాత లోపలికి జారుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కోటు వేసుకునే ఉన్నాడు. గోడ మీద కెమెరా గుడ్లు మిటకరించి చూస్తోంది.

"అయ్యగారూ, కోటు ఒక్కసారి ఇప్పిస్తే... భుజం కుట్టు వదులైనట్టుంది."

"ఏం వదల్లేదు."

"పోనీ గుండీ..."

ఇన్‌స్పెక్టరు లేచి తలుపు వేశాడు. తాత గుండె జారిపోయింది. జారితే పట్టుకోవడానికి జేబైనా లేదాయె.

ఇన్‌స్పెక్టరు కెమెరాకు వీపు తిప్పి, కోటు లోపల చెయ్యి పెట్టి, సగం చప్పరించి కాగితంలో చుట్టిన మిఠాయి బిళ్ల తీశాడు.

"ఊరందర్నీ నేను తడుముతాను, నన్ను మా ఆవిడ తడుముతుంది. షుగరు కదా, ఒక్క బిళ్ల ముట్టనివ్వదు," అన్నాడు గొంతు తగ్గించి. "జేబు బాగుంది గానీ లోతు చాలట్లేదయ్యా. ఇంకో వేలెడు దింపు."

తాత కెమెరాకు కనబడకుండా బల్ల చాటున కూర్చుని దింపాడు. ఇన్‌స్పెక్టరు కోటు తొడుక్కుని, బిళ్ల లోపల వేసుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"చేతులెత్తు."

తాత ఎత్తాడు. చంకల నుంచి చీలమండల దాకా తడిమి చూశాడు ఇన్‌స్పెక్టరు.

"ఏం లేదు కదా? చట్టమంటే చట్టమే మరి. ఇక వెళ్లు."

వారం తిరక్కుండా ఆఫీసులోని కోట్లన్నీ మా ఇంటికి వచ్చేశాయి. అన్నిటికీ భుజం కుట్టే వదులైందట! చివరికి మంత్రిగారి కోటు కూడా వచ్చింది. ఆయనకు రెండు భుజాలూ వదులయ్యాయట.

అమ్మమ్మ తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. "దొరలందరికీ కుట్టావు. నా చేతిలోంచి ఇది దిగేదెప్పుడు?"

 తాత మంత్రిగారి కోటు జేబులకు పోగా మిగిలిన గుడ్డముక్క తీసి, అమ్మమ్మ జాకెట్టు లోపల పెట్టి మిషను తొక్కాడు. ఈసారి కళ్లు బాగా తెరుచుకునే.

"ఎవరైనా పట్టుకుంటే?" అంది అమ్మమ్మ, తాళంచెవి లోపల వేసుకుంటూ.

"భుజం కుట్టు వదులైందని చెప్పు," అన్నాడు తాత. "వాళ్లకి అర్థమవుద్ది."