గొట్టానికి కట్టిన గుడ్డ

ఆ గ్రంథాలయంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె దులుపుడక్క. కొంగు నడుముకు బిగించి, పాతగుడ్డ పట్టుకుని ఆమె బల్లల మధ్యకు రాగానే, పత్రికలు చదువుకునే పెద్దవాళ్లు చెప్పకుండానే కాళ్లు పైకి పెట్టుకునేవారు.

"కదలకుండా కూర్చుంటే మమ్మల్ని కూడా దులిపేసేలా ఉన్నావే అక్కా!" అని ఒకాయన అంటే, "మీ బుర్రలు దులపడానికేగా ఇన్ని పుస్తకాలు పెట్టారు. అవి చేతగాకపోతే అప్పుడు నేనొస్తాలెండి" అనేది.

భర్త పోయాక దొరికిన ఉద్యోగం అది. చదువు అంతంతమాత్రం. అయినా ఏ పుస్తకాన్ని జనం మరిచిపోయారో దాని నెత్తిన పేరుకున్న దుమ్మును బట్టి చెప్పగలిగేది. ఊరి చివర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచాక ఆ లెక్క తప్పింది. పొద్దున తుడిచిన బల్ల మధ్యాహ్నానికి వేలితో రాస్తే అక్షరం పడేలా తయారయ్యేది. ఇది నల్లటి, జిడ్డు దుమ్ము. దులిపితే ఎగరదు, అంటుకుంటుంది. దాంతో ఆమెకు సొంత తగాదా.

గ్రంథాలయం డాబా మీద ప్రభుత్వం వాళ్లు గాలిని కొలిచే యంత్రం ఒకటి బిగించారు. అది కొలిచింది కింద గేటు పక్కన బోర్డు మీద వెలుగుతుంది. పచ్చలైటైతే మంచిగాలి, ఎర్రలైటైతే చెడ్డగాలి. బిగించడానికి వచ్చిన మెకానిక్ వెళ్లేముందు, "ఖరీదైన వస్తువక్కా, కాస్త చూసుకుంటూ ఉండు" అన్నాడు. ఆమెకు ఒక పని అప్పగించడమంటూ జరిగితే అది మాటవరసకు అన్నదా, నిజంగా అన్నదా అన్న తేడా ఉండదు.

ఇంట్లో కూతురు, అల్లుడు, మనవరాలు. అల్లుడిది ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. మనవరాలికి ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గొంతులో పిల్లికూతలు మొదలవుతాయి. మందు పీల్చే నీలం పంపు బడిసంచిలో ఉండాల్సిందే. పిల్లను తీసుకుని ఆడపడుచు ఊరికి పోతానని కూతురు ఒకటే పోరు.

"ఊరంతా పీల్చే గాలే కదే మనం పీల్చేదీ!" అని దులుపుడక్క కసిరేది. "గేటు దగ్గర బోర్డు చూడు, పచ్చగా కళకళలాడుతోంది. నీకన్నా మిషన్‌కి బాగా తెలుసు. పిల్లది పుట్టుకతోనే అర్భకం. దానికి తోడు నువ్వు పువ్వులా పెంచి మరీ నాజూకు చేశావు."

"రాత్రంతా అది కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే చూసేదాన్ని నేను. నీ బోర్డు కాదు."

మొన్న కూతురు నిజంగానే సంచి సర్దింది. ఆమె అందులోని బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టేసి, ఖాళీసంచిని దాచేసింది. పిల్ల కళ్లెదుట లేకపోతే ఆమెకు ముద్ద దిగదు. అసలు సంగతి అదీ.

ఫ్యాక్టరీకి రెండో పొగగొట్టం కట్టాలా వద్దా అని జనం మాట వినడానికి సభ పెట్టారు. సభ గ్రంథాలయం హాల్లోనే. కుర్చీలన్నీ తుడిచి వేసింది దులుపుడక్కే. ముందువరసలో అధికారులు, వాళ్ల వెనక యంత్రం బిగించిన మెకానిక్, ఒకవైపు ఫ్యాక్టరీ పనివాళ్లు, వాళ్లలో అల్లుడు. చివరివరసలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూతురు.

పిల్లల డాక్టరమ్మ లేచి, తన దగ్గరికి ఆయాసంతో వచ్చే పిల్లలు ఏటికేడు పెరుగుతున్నారని చెప్పింది.

"ఊపిరుంటేగా ఉద్యోగం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఉద్యోగం లేకపోతే ఊపిరే వండుకు తింటావా?" పనివాళ్లలోంచి జవాబు.

హాలంతా గోలగోలైంది. కాలుష్య నియంత్రణ అధికారి చెయ్యెత్తి ఆపాడు. "గాలిలో ఏముందో మనం కొట్టుకుని తేల్చాలా? యంత్రం మన నెత్తిమీదే ఉంది. పెట్టినప్పటి నుంచీ పచ్చే. దాని గొట్టం మన ముక్కులాంటిది. గాలి పీలుస్తుంది, ఆ గాలిలో దుమ్ము ఎంతుందో లెక్కగడుతుంది. దానికి మీరూ ఒకటే, ఫ్యాక్టరీవాళ్లూ ఒకటే."

మంచినీళ్ల పళ్లెంతో వరసల మధ్య నడుస్తున్న దులుపుడక్క ఆగి అధికారి వైపు తిరిగింది.

లెక్కగట్టేది దుమ్మునా?

గాలిని కొలవడమంటే గాలినే కొలవడమనుకుంది ఆమె. దుమ్ము ఆ యంత్రానికి పడదనుకుంది. గొట్టం నోరు తెరుచుకుని ఉండడం మొదటిరోజే చూసి, వంటింటి కుళాయికి కట్టినట్టే, మెత్తటి పాతచీర ముక్కను రెండు మడతలు వేసి దానికి కట్టింది. కట్టు ఒకటి, ఉతుకు ఒకటిగా రెండు ముక్కలు. ఉతికినప్పుడల్లా బొగ్గు కడిగినట్టు నీళ్లు కారేవి. "అమ్మో, ఇదంతా పాపం దాని కడుపులోకి పోయేదే!" అని తృప్తిపడేది.

పళ్లెం ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. ఎవరి కాగితాల మీదో పెట్టినట్టుంది, ఎవరో అయ్యో అన్నారు. మెట్లెక్కి డాబా మీదికి పోయింది. మొన్న తెల్లగా కట్టిన గుడ్డ పెనం అడుగులా ఉంది. ముడి బిగుసుకుపోయి రాలేదు, పళ్లతో లాగింది. గుడ్డ ఊడగానే యంత్రం లోపలి ఫ్యాను, పీక మీద చెయ్యి తీసినట్టు, గట్టిగా గాలి గుంజుకుంది.

ఆమె కిందికి దిగి హాలు గుమ్మంలో నిలబడేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ కేక పెట్టాడు. "సార్! బోర్డు ఎర్రబడింది సార్!"

జనం కిటికీల మీద పడ్డారు. అధికారి తొంగిచూసి, "యంత్రం పాడైనట్టుంది" అన్నాడు.

"పాడవలేదు బాబూ, ఇప్పుడే బాగైంది." ఆమె గుడ్డ చూపించింది. "దుమ్ము పోకుండా నేనే కట్టాను, కుళాయికి కట్టినట్టు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు పాకబోయి మధ్యలోనే ఆగింది. అధికారి మెకానిక్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, చూడ్డానికి వచ్చేవాడివేగా?"

"వచ్చినప్పుడల్లా తళతళలాడుతుండేది సార్," మెకానిక్ నీళ్లు నమిలాడు. "ఆ గుడ్డ కూడా మిషన్ చేసిన కంపెనీ వాళ్లదే అనుకున్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "అత్తయ్యా..." అన్నాడు అల్లుడు. ఆ నిశ్శబ్దంలో చివరివరస నుంచి పిల్ల ఊపిరి వినిపించింది. సన్నగా, ఈల వేసినట్టు. అంతమందీ విన్నారు.

కూతురు లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "మిషన్ ముక్కుకి కట్టావు. పిల్ల ముక్కుకి కట్టలేదేమమ్మా?"

దులుపుడక్క వరసలు దాటి పిల్ల దగ్గరికి వెళ్లింది. పిల్ల నుదుటి మీద చెమట పట్టి ఉంది. అలవాటుగా చేతిలో గుడ్డతోనే తుడవబోయి, ఆ నలుపు చూసి, చెయ్యి వీపు వెనక్కి పెట్టేసుకుంది. వెనక అధికారి ఏదో చెబుతున్నాడు. సభ వాయిదా అంటున్నాడు, కొలతలన్నీ మళ్లీ మొదటినుంచి అంటున్నాడు. ఆమె చెవికెక్కలేదు.

"మీ ఆడపడుచు ఊరికి బస్సు సాయంత్రం ఉందా?"

కూతురు నమ్మలేనట్టు చూసింది. "ఉంది. సంచే... నువ్వేగా ఎక్కడో దాచావు."

"అటక మీదుంది," అంది దులుపుడక్క. "దులుపుతూ కూర్చోకు. అలాగే దింపి సర్దుకో."