ప్రభ ఆపిన కుర్రాళ్ళు

చెంచయ్యకి ఎకరన్నర మిరప చేను, ఒక జత ఎడ్లు, పక్క ఊరికి కూడా వినిపించే గొంతు ఉన్నాయి. ఏడాదిలో పదకొండు నెలలు ఆ గొంతుతో ఎడ్లనీ, కాకుల్నీ, పెళ్ళాం గురవమ్మనీ అదిలించేవాడు. గురవమ్మది అంతకంటే పెద్ద గొంతు కాబట్టి మూడో పనిలో ఎప్పుడూ నెగ్గింది లేదు. మాఘమాసం వచ్చిందంటే మాత్రం మనిషే మారిపోయేవాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి పోయే ఊరి ప్రభకి మోకుల బాధ్యత ఆయనది.

ప్రభ చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. పెద్ద బండి మీద వెదుళ్ళతో అరవై డెబ్భై అడుగుల ఎత్తు చట్రం కట్టి, రంగు గుడ్డలు చుట్టి, ఆరు జతల ఎడ్లతో మైళ్ళకి మైళ్ళు తోలుకెళ్ళాలి. అది ఒరిగిపోకుండా చుట్టూ ఎనిమిది మోకులు, అంటే లావుపాటి తాళ్ళు, మోకుకి పదేసి మంది మగాళ్ళు. ఒళ్ళంతా బిగబట్టి మోకు లాగే మనిషికి పైన ఏం జరుగుతుందో కనపడదు. అందుకని మోకుకొక కుర్రాడు మెడ పైకెత్తి ప్రభ కొసనే చూస్తూ నడుస్తాడు. తేడా కనిపిస్తే "ఆపు!" అని అరుస్తాడు. అంతే వాడి పని.

"అరవడమేగా, దానికి నెల్లాళ్ళు నేర్పాలా?" అనేవాడు బుల్లయ్య. ఆయన ప్రభ కమిటీ పెద్ద, చెంచయ్యకి వరసకి బావ.

అదెంత కష్టమో చెంచయ్యకి తెలుసు. పదిహేనేళ్ళ వయసులో తను మోకు చూస్తూ నడిచిన రోజున పైన ముడి జారడం కళ్ళారా చూశాడు. అప్పటికే తోటివాళ్ళు "పిరికోడు, పిరికోడు" అని ఆట పట్టిస్తున్నారు. ఇంకో నాలుగడుగులు చూద్దాంలే అని నోరు మూసుకున్నాడు. ఆ నాలుగడుగుల్లో ప్రభ పడింది. ప్రాణాలు పోలేదు గానీ, స్నేహితుడు మరియదాసు భుజం విరిగింది. ఈనాటికీ ఆ చెయ్యి పైకి లేవదు. మరియదాసు ఒక్కనాడూ ఒక్క మాటా అనలేదు. అదే చెంచయ్యని ఎక్కువ కాల్చింది.

అందుకే ఆయన కుర్రాళ్ళకి చూడ్డం నేర్పేవాడు కాదు. కళ్ళు వాళ్ళకి దేవుడిచ్చాడు. పదిమందీ "పోనీయ్" అంటుంటే ఒక్కడు "ఆపు" అనడం నేర్పేవాడు.

ఎనభై ఆరో సంవత్సరంలో ఆ ఎనిమిది మందిలో దర్జీ కొడుకు హయాత్ ఉన్నాడు. ప్రభకి గుడ్డలు కుట్టేది వాళ్ళ నాన్నే. బుల్లయ్య కొడుకు కోటేశు కూడా ఉన్నాడు. వాడికి పధ్నాలుగేళ్ళు, నోట్లోంచి మాట పీకాలి. సాయంత్రాలు మిరపకాయలు ఎండబోసిన కల్లం పక్కన బండి మీద ఒక వెదురు నిలబెట్టి, తాళ్ళు కట్టి, వీళ్ళని నిలబెట్టేవాడు చెంచయ్య. చుట్టూ ముప్పై మంది చేరి గోల చెయ్యాలి, ఎగతాళి చెయ్యాలి. ఆ గోలలో ఆయన దొంగతనంగా ఒక తాడు వదులు చేసేవాడు. ఆ తాడు చూసేవాడు అరవాలి.

ఎగతాళికి గురవమ్మని మించినవాళ్ళు లేరు. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని వచ్చేది. "ఏరా హయాత్, నోరు తెరిస్తే పాలవాసన వస్తుందని భయమా? నీకు మీసం మొలిచేసరికి నా మనవడికి పెళ్ళవుతుంది!" అనేసరికి కల్లమంతా నవ్వులే. హయాత్ చెవులు ఎండుమిరపకాయల్లా ఎర్రబడేవి. మొదటి వారం ఒక్కడి నోటా "ఆపు" రాలేదు. వచ్చినా గొంతులోనే ఉండిపోయేది. కొట్టినా ఏడవని మొద్దులు కూడా నవ్వుకి బెదిరిపోతున్నారు.

చెంచయ్య రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఒకటి, ఎవడు "ఆపు" అన్నా ముందు ఆపాలి, తర్వాతే అడగాలి. రెండు, అనవసరంగా ఆపించినవాణ్ణి ఎవరూ తిట్టకూడదు. తిట్టినవాడు ఆ పూట అందరికీ మంచినీళ్ళు మొయ్యాలి. గురవమ్మ నాలుగు రోజులు వరసగా బిందె మోసింది. మూడో వారానికి కుర్రాళ్ళ కేకలకి కల్లం మీద కాకులు లేచిపోవడం మొదలైంది. చెంచయ్య సంబరం చూడాలి! తనే పదిహేనేళ్ళవాడయిపోయి చప్పట్లు కొట్టేవాడు.

శివరాత్రి వచ్చింది. కాలవ అవతలి ఊరి ప్రభ మూడేళ్ళుగా వీళ్ళకంటే ముందు పోతోంది. ఊరి బండ్ల డొంక వచ్చి పెద్ద రోడ్డులో కలిసే చోట ఎవరు ముందు ఎక్కితే వాళ్ళే ముందు, ఆపైన దాటడానికి వీల్లేదు. ఈసారి బుల్లయ్య పంతం పట్టి ప్రభని అయిదడుగులు పెంచాడు. మధ్యాహ్నం మూడింటికి డప్పులు, సన్నాయిలు, ఈలలు, రంగులతో ప్రభ కదిలింది. ఊరికి ఊరే వెంట నడిచింది.

రోడ్డు ఇంకో రెండొందల గజాలుందనగా అటువైపు అవతలి ఊరి ప్రభ కనిపించింది. జనానికి వెర్రెత్తింది. "పోనీయ్! పోనీయ్!" డప్పుల మోత రెట్టింపయింది. ఎడ్లు పరుగందుకున్నాయి. చెంచయ్య ఒంట్లో రక్తం కూడా ఉరకలేసింది. తలగుడ్డ ఊడదీసి గాల్లో తిప్పుతూ, నేర్పినదంతా గాలికొదిలి, "పోనీయ్ బావా, పోనీయ్!" అని అందరికంటే గట్టిగా తనే అరిచాడు.

"ఆపు!"

హయాత్ గొంతు. పగ్గాలు బిగిశాయి. చక్రాల కింద మొద్దులు పడ్డాయి. డప్పులు ఆగిపోయాయి.

అందరూ పైకి చూశారు. హయాత్‌కి వెదురు చీలి విరిగినట్టు కనిపించింది నిజానికి కుట్టు ఊడిన ఎర్రగుడ్డ. అది గాలికి టపటపా కొట్టుకుంటోంది, అంతే. అవతలి ఊరివాళ్ళు ఈలలేసుకుంటూ రోడ్డెక్కేశారు.

"తండ్రి కుట్టిన గుడ్డని చూసి కొడుకు జడుసుకున్నాడ్రోయ్!" అని ఎవడో అన్నాడు. నవ్వులు, తిట్లు. బుల్లయ్య కళ్ళెర్రజేసుకుని వచ్చాడు. "వీణ్ణి మోకు దగ్గర్నుంచి లాగెయ్యి చెంచయ్యా! ఊరి పరువు తీశాడు!"

చెంచయ్యకీ కోపం వచ్చింది. అబద్ధమెందుకు, హయాత్ చెంప పగలగొడదామన్నంత కోపం. అరవబోయి మిగతా ఏడుగురినీ చూశాడు. ఏడుగురూ తలలొంచుకుని కాళ్ళకేసి చూస్తున్నారు. ప్రభ కొస మీద ఒక్క కన్ను లేదు. ఇప్పుడు హయాత్‌ని తీసేస్తే కొండ దాకా ఒక్కడు నోరు విప్పడు. పైన ఏమైనా అయితే కింద ఊరంతా ఉంది.

"బావా, వాడికి విరిగినట్టు కనిపించింది, అరిచాడు. నేర్పిందే చేశాడు," అన్నాడు. "తప్పు నాది. చూసి నడిపించాల్సినవాణ్ణి, పోనీయ్ అని గంతులేశాను. మనసులో వాణ్ణి తిట్టుకున్నాను కూడా. వాడు పోతే నేనూ పోతాను. మోకులు నువ్వే చూసుకో."

అని, నీళ్ళ బండి మీదున్న బిందె భుజానికెత్తుకుని ముందు హయాత్‌కి పోశాడు. తర్వాత వరసగా ఏడుగురికీ. వాడు ఏడుస్తూనే తాగాడు. "బాబాయ్, మళ్ళీ తప్పు చూస్తానేమో," అన్నాడు. "చూస్తే మళ్ళీ అరిచెయ్యి," అన్నాడు చెంచయ్య. మోకులు చూసేవాడు ఇంకొకడు లేడు కాబట్టి బుల్లయ్య పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

ప్రభ రోడ్డెక్కింది, అవతలి ఊరి ప్రభ వెనకాలే. ఎవరికీ ఉత్సాహం లేదు, విసురు మాత్రం ఉంది. పోయిన పొద్దు కలుపుకోవాలని బుల్లయ్య ఎడ్ల పక్కనే పరిగెడుతూ అదిలిస్తున్నాడు. ముందు కల్వర్టు, దాని మీదుగా దిగుడు.

"ఆపు! ఆపు! ఆపూ!"

ఆ గొంతు ఎవరిదో చెంచయ్యకి కూడా వెంటనే తెలియలేదు. అది కోటేశు. నెల్లాళ్ళూ అందరికంటే నెమ్మదిగా అరిచినవాడు.

బండి ఆగిందో లేదో, వెనక కుడివైపు మోకు పైముడి దగ్గర పుటుక్కున తెగి, పదిమందీ వెల్లకిలా పడ్డారు. ప్రభ మూలిగింది, పక్కకి వాలింది. ఆడవాళ్ళు కెవ్వున అరిచారు. "ఎదురు మోకు వదులు! వెనక ఎడమ బిగించు!" చెంచయ్య గొంతు ఆ పూట రెండు ఊళ్ళు విన్నాయి. ఏడు మోకులూ ఏకమై పట్టాయి. అంగుళం అంగుళంగా ప్రభ లేచి నిలబడింది. బండి చదును మీద ఉంది కాబట్టి నిలబడింది. ఇంకో నాలుగు గజాలు పోయి దిగుట్లో ఉంటే ఎవరి తరమూ అయ్యేది కాదు.

అప్పుడు లేచింది అరుపు! డప్పులు వాటంతటవే మోగినట్టు మోగాయి. హయాత్, కోటేశు ఎవరి భుజాల మీదున్నారో ఎవరికీ తెలియదు. గురవమ్మ అందినవాణ్ణి అందినట్టు ముద్దులు పెట్టుకుంటోంది.

బుల్లయ్య కొడుకుని కిందికి దించుకున్నాడు.

"ఇందాక హయాత్‌ని నేనన్న మాటలు విన్నావుగా. అయినా ఎట్లా అరిచావురా? భయం వెయ్యలేదా?"

"వేసింది నాన్నా," అన్నాడు కోటేశు. "ఒక్కణ్ణే అయితే అరిచేవాణ్ణి కాదు. హయాత్ ఉన్నాడుగా. తిడితే ఇద్దరం ఉంటాంలే అనుకున్నా."

చెంచయ్య అందరి ముందూ, సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.