తెల్లబడిన వేళ్లు

ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర బండి ఆగగానే ఎడమ చేయి కిందికి దించి ఇంజనుకు ఆనించేవాణ్ని. ఆ చలికాలమంతా అదే పని. కాలుతుందని తెలుసు. కాలినా బాగుండు అనిపించేది, వేళ్లకు ఏదో ఒకటి తెలుస్తుంది కదా అని.

నాచారంలో ఇనుము పోతపోసే ఒక ఫ్యాక్టరీలో గ్రైండింగ్ పని నాది. చల్లారిన ముక్కల అంచులను చేతి మిషన్‌తో నున్నగా చేయాలి. మిషన్ పొద్దంతా చేతుల్లో వణుకుతూనే ఉంటుంది. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుంటున్నా అరచేతుల్లో ఆ వణుకు ఇంకా తిరుగుతుండేది. మేము నారపల్లిలో అద్దెకు ఉండేవాళ్లం. తెల్లవారకముందే బయలుదేరి, సగం లేచిన ఫ్లైఓవర్ స్తంభాల పక్క నుంచి మంచు, దుమ్ము కలిపి మింగుతూ ఉప్పల్ చేరేసరికి వేళ్లు తెల్లబడేవి. మామూలు తెలుపు కాదు, సుద్దముక్కల తెలుపు. రెండో కణుపు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయేది. దాని వెనక చేయి ఎప్పటి రంగులోనే ఉండేది.

నా భార్య ఉన్ని గ్లౌజులు తెచ్చింది. గాలి వాటిలోంచి దూరింది. వాటి మీద బ్రెడ్డు కవర్లు తొడిగి, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసి, “పెండ్లికొడుకు తయారైండు” అని నవ్వింది. సీటు కవర్లు కుట్టే అతనితో హ్యాండిల్‌కు రెండు వైపులా రెక్సిన్ సంచులు కుట్టించాను. చేతులు వాటిలో పెట్టి నడిపితే గాలి తగలదు. గాలి తగలకపోయినా వేళ్లు తెల్లబడ్డాయి.

రింగురోడ్డు దగ్గర అన్న ఎక్కేవాడు. సొంత అన్న కాదు. ఫ్యాక్టరీలో నాకు మిషన్ పట్టుకోవడం నేర్పినవాడు, నాకంటే చాలా ముందు చేరినవాడు. రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి నా కోసం నిలబడేవాడు. దారంతా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఆయన మాటలుంటే నాకు దారి తెలిసేది కాదు.

ఒకరోజు హబ్సిగూడ దగ్గర ముందున్న ఆటో ఆగింది. బ్రేకు పట్టాననే అనుకున్నాను. వేళ్లు బ్రేకు మీద ఉన్నాయి కానీ నొక్కడం లేదు. వెళ్లి ఆటో వెనక గుద్దుకున్నాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆటో అతను దిగి వచ్చి, “ఏందన్నా, పండుకోని నడుపుతున్నవా?” అన్నాడు. చేతులు చూపించాను. చూసి, వెనక్కి తిరిగి ఆటో ఎక్కాడు.

నాచారం వచ్చాక చాయ్ బండి దగ్గర ఆగాం. వేడి గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను. వేళ్లలోకి రక్తం తిరిగి వస్తుంటే కందిరీగలు కుట్టినట్టు మంట. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్న చుట్టూ చూసి, తన గ్లౌజులు తీసి చేతులు నా ముందు పెట్టాడు. అవే సుద్దముక్కలు.

“సూడు. నాకు మస్తు ఏండ్ల సంది గిట్లనే.”

“మరి దవాఖానకు పోలేదా అన్నా?”

“పోతే ఏమంటరు? మిషన్ బంద్ జెయ్యమంటరు. బంద్ జేస్తే ఎవడు పెడ్తడు?”

నేను మాత్రం దవాఖానకు వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ వేళ్లు చూడకముందే ఏం పని చేస్తారని అడిగింది. చల్లటి నీళ్లలో చేతులు పెట్టించింది. ఆమె కళ్ల ముందే వేళ్లు తెల్లబడ్డాయి.

“బండి వల్ల వచ్చింది కాదిది. చలికి బయటపడుతోందంతే,” అంది. “మిషన్ వణుకుడుకు రక్తనాళాలు, నరాలు దెబ్బతిన్నాయి. ఆ పని మానేస్తే ఇక్కడితో ఆగొచ్చు. పోయింది మాత్రం పూర్తిగా తిరిగి రాదు.”

కాగితం మీద కూడా అదే రాసిచ్చింది. ఆ సాయంత్రం అన్నకు చూపించాను. ఆయన దాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు. “రేపు సారు దగ్గరికి నేను గూడ వస్త. ఇద్దరం జెప్తే ఇంటరు,” అన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడు. నేను అడగలేదు.

మేనేజరు కాగితాన్ని పైపైన చూసి బల్ల మీద పెట్టాడు.

“ఎక్కడి నుంచి వస్తవ్?”

“నారపల్లి, సార్.”

“బండి మీదనా?”

“అవును సార్.”

“మరింకేంది? గంత దూరం చలిల బండి మీద వస్తే ఎవనికైనా గట్లనే అయితది. బస్సుల రా.”

“చలి ఒక్కటే కాదు సార్. అన్నకు గూడ ఉంది.”

మేనేజరు అన్న వైపు తిరిగాడు. అన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“నాకేం లేదు సార్. చలికి అందరికీ అయినట్టే.”

నేను అన్న ముఖం వైపు చూశాను. ఆయన బల్ల మీదున్న కాగితాన్ని చూస్తున్నాడు. గది బయటికి వచ్చాక ఇద్దరం ఎవరి మిషన్ దగ్గరికి వాళ్లం వెళ్లిపోయాం.

మర్నాడు అన్న ఎప్పటిలాగే రింగురోడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆపకుండా వెళ్లిపోదామనే అనుకున్నాను. ఆపాను.

“తమ్మీ, నీకింక వయసుంది. ఎక్కడన్న బతుకుతవ్. నాకు రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది. ఇప్పుడు బయటికి పంపిస్తే నాకేముంది?”

“గా మాట ముందుగాల్నే జెప్తే నేనొక్కన్నే పోయేటోన్ని గదా. నువ్వు వస్తనంటేనే గదా నీ పేరు దీసిన.”

అన్న వెనక ఎక్కి కూర్చున్నాడు. ఆ రోజు నాచారం దాకా దారిలో ప్రతి గుంతా తెలిసింది.

తర్వాత నన్ను ప్యాకింగ్‌కు మార్చారు. చెక్కపెట్టెలకు మేకులు కొట్టే పని. చిన్న మేకును వేళ్ల మధ్య నిలబెట్టలేకపోయేవాణ్ని. చేతిలోంచి జారిన ప్రతిసారీ సూపర్‌వైజర్ తల ఊపేవాడు. నాది కాంట్రాక్టు కొలువు, మళ్లీ రాసేటప్పుడు నన్ను పిలవలేదు. ఎందుకని అడిగితే పని తగ్గిందన్నారు. నా మిషన్ మీద అప్పటికే వేరే మనిషి నిలబడి ఉన్నాడు. అతను చలికి ఏం వేసుకుని వస్తున్నాడో నాకు తెలియదు.

ఇప్పుడు నాగోల్‌లో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర పని చేస్తున్నాను. బండి అదే, రెక్సిన్ సంచులూ అవే. చలికాలంలో వేళ్లు తెల్లబడుతూనే ఉన్నాయి. నా భార్య పొద్దున్నే నీళ్లు కాచి సీసాలో పోసి, నా జర్కిన్ జేబులో పెడుతుంది. సిగ్నల్ పడ్డప్పుడు చేయి ఆ జేబులో దూరుస్తాను. కొంత నయం. చొక్కా గుండీలు మాత్రం ఎండాకాలంలో కూడా ఆమే పెడుతుంది.

మొన్న వేసవిలో ఉప్పల్ మార్కెట్లో అన్న కనిపించాడు. రిటైరయ్యాడు. అల్లుడి స్కూటీ తెచ్చుకున్నట్టున్నాడు. మటన్ కొట్టు ముందు నిలబడి, గడ్డం కింద హెల్మెట్ పట్టీ పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు. దగ్గరికి వెళ్లి పట్టీ అందుకున్నాను. నా వేళ్లకూ దొరకలేదు. కాసేపు ఆయన చేతులు, నా చేతులు ఆయన గడ్డం కిందే కొట్టుకున్నాయి. కొట్టు అతను కత్తి పక్కన పెట్టి, చేయి తుడుచుకుని వచ్చి, టక్కున పెట్టేశాడు.

“మంచిగున్నవా తమ్మీ?” అన్నాడు అన్న.

“ఉన్న,” అన్నాను.

స్కూటీ ఎంత తన్నినా స్టార్ట్ కాలేదు. ఆయన రామంతాపూర్ వైపు వెళ్లాలి. ఆ రోజు ఒక పని మీద నేనూ అటే వెళ్లాలి. నా బండి ఎక్కమని అనలేదు. బండి తీసి, వెళ్లిపోయాను.